ఊరికో క్వయర్: మికోలా లియోంతోవిచ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు వచ్చి మా చర్చి క్వయర్‌లో, అంటే గాయకబృందంలో, ‘కారల్ ఆఫ్ ది బెల్స్’ సాధన మొదలవగానే ఎవరో ఒకరు అడుగుతారు, ఇది ఏ దేశం పాట అని. ఉక్రెయిన్ పాట అంటే ఆశ్చర్యపోతారు. రాసింది మికోలా లియోంతోవిచ్ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది, ఆ పేరు విన్నవాళ్ళు అంత తక్కువ. విన్నవాళ్ళకి కూడా ఆయన ఆ ఒక్క పాటగానే తెలుసు. నాకు అదే బాధ. ఆయన జీవితమంతా చేసిన పని వేరు. ఉద్యోగం ఏ ఊరికి తీసుకెళ్తే ఆ ఊళ్ళో, అది పల్లెబడి అయినా రైల్వే స్టేషన్ అయినా, పాడేవాళ్ళను కూడగట్టి ఒక క్వయర్‌ని నిలబెట్టారు. ఆ పాట కూడా ఆ పనిలోంచి పుట్టిందే. మా క్వయర్‌లో వాళ్ళూ, కార్యక్రమాలకి వచ్చినవాళ్ళూ ఇన్నేళ్ళుగా నన్ను అడిగిన ప్రశ్నల్ని, వాటికి నేను చెప్పే జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

లియోంతోవిచ్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

ఉక్రెయిన్‌లోని పోదిల్యా ప్రాంతంలో, మొనాస్తిరొక్ అనే పల్లెలో 1877లో పుట్టారు. వృత్తి సంగీతం మాస్టారు. నూట యాభైకి పైగా బృందగీతాలు వదిలి వెళ్ళారు, వాటిలో ఎక్కువ భాగం జానపద గీతాలకు కట్టిన అమరికలే, అంటే ఉన్న వరసని వేర్వేరు గొంతులకి పంచి రాసినవే. 1921 జనవరిలో, నలభై మూడేళ్ళ వయసులో, కన్నతండ్రి ఇంట్లో తుపాకి గుండుకు బలయ్యారు.

ఆయన్ని స్వరకర్త అనాలా, క్వయర్ మాస్టర్ అనాలా?

పుస్తకాలన్నీ స్వరకర్త అనే రాస్తాయి. నేనైతే ముందు క్వయర్ మాస్టర్ అంటాను. ఆయన రాసినవాటిలో చాలా భాగం ఎదురుగా కూర్చున్న పాడేవాళ్ళ కోసం రాసినవే. వాళ్ళలో పల్లెబడి పిల్లలున్నారు, రైల్వే పనివాళ్ళున్నారు, పూజారుల కూతుళ్ళున్నారు. ఏ గొంతు ఎంత పైకి వెళ్ళగలదో, ఎవరికి ఎక్కడ ఊపిరి అందదో తెలిసిన మనిషి రాసిన సంగీతం అని పాడుతుంటేనే అర్థమవుతుంది. నేను ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది వరస, పాడతాను. చాలా పాటల్లో ఆల్టోలకి మిగిలేది ఒకే స్వరం పట్టుకుని నిలబడటం. లియోంతోవిచ్ పాటల్లో మాకూ ఒక వరస ఉంటుంది, విడిగా పాడుకున్నా పాటలాగే వినిపిస్తుంది.

ఇంట్లోనే సంగీతం ఉండేదా?

ఉండేది. తండ్రి ద్మిత్రో ఊరి చర్చిలో పూజారి. అక్కడి ఆర్థడాక్స్ సంప్రదాయంలో పూజారులు పెళ్ళి చేసుకుంటారు కాబట్టి అది కుటుంబమూ, పిల్లలూ ఉన్న ఇల్లే. తండ్రి చెల్లో, వయొలిన్, గిటార్ వాయించేవారు. తల్లి మంచి గాయని. తోబుట్టువులందరూ పాడేవాళ్ళే. పూజారి కొడుకు కాబట్టి చదువు కూడా ఆ దారిలోనే సాగింది. 1892లో కమ్యానెత్స్-పొదీల్స్కీ పట్టణంలోని మతవిద్యా కళాశాలలో చేరి 1899లో పూర్తి చేశారు. అక్కడ చదువుతుండగా క్వయర్‌ని నడిపే మాస్టారు చనిపోయారు. ఆ బాధ్యత విద్యార్థిగా ఉన్న లియోంతోవిచ్‌కే అప్పజెప్పారు. చర్చి కీర్తనల పక్కన ఉక్రెయిన్ జానపద గీతాల్ని కూడా ఆయన ఆ క్వయర్‌తో పాడించారు. చదువయ్యాక పూజారి అవ్వకుండా బడిపంతులు అయ్యారు.

పోదిల్యా ఎక్కడుంది? అక్కడి పాటలో అంత ప్రత్యేకత ఏముంది?

ఉక్రెయిన్‌కి నైరుతిగా, దక్షిణ బూగ్, ద్నిస్టర్ నదుల మధ్య ఉన్న నల్లరేగడి వ్యవసాయ ప్రాంతం అది. ఇవాళ్టి విన్నిత్స్యా, ఖ్మెల్నిత్స్కీ ప్రాంతాలు చాలా వరకు అందులోవే.

పాట విషయానికి వస్తే ఒక్కటి అర్థం చేసుకోవాలి. మన దగ్గర పదిమంది కలిసి పాడినా అందరూ ఒకే వరసలో పాడతారు. ఉక్రెయిన్ పల్లెల్లో, ముఖ్యంగా నడిమి ప్రాంతాల్లో, అలా కాదు. ఒకరు పాట ఎత్తుకుంటారు. మిగతావాళ్ళు అందుకున్నప్పుడు ఒకరు పైన, కొందరు కింద, ఎవరి దారి వాళ్ళు చూసుకుంటూ మళ్ళీ పంక్తి చివర ఒకే స్వరం మీదికి వచ్చి కలుస్తారు. దీన్ని ఎవరూ నేర్పరు. పొలంలో, పెళ్ళిలో, సాయంత్రం వీధి అరుగుల మీద చిన్నప్పటి నుంచీ విని పట్టుకుంటారు. అంటే ప్రతి ఊళ్ళోనూ క్వయర్‌కి కావలసిన ముడిసరుకు అప్పటికే ఉంది. లేనిది దాన్ని గౌరవంగా వేదిక మీద నిలబెట్టే మనిషి. అప్పటి కీవ్ ప్రాంతంలోని ఒహ్మాతివ్ పల్లెలో పొర్ఫీరియ్ దెముత్స్కీ అనే డాక్టరు రైతులతోనే క్వయర్ కట్టి ఆ పని చేశారు. పోదిల్యాలో ఆ పని లియోంతోవిచ్ తలకెత్తుకున్నారు.

మొదటి క్వయర్ ఎక్కడ పెట్టారు?

చుకివ్ పల్లెలో, 1899లో మొదటి ఉద్యోగంలో. అక్కడ ఆయన పాటతో పాటు లెక్కలు కూడా చెప్పేవారు. పిల్లలతో క్వయర్ పెట్టి ఊరుకోలేదు, పల్లెబడిలో ఏకంగా ఆర్కెస్ట్రా తయారు చేశారు. పల్లెబడిలో ఆర్కెస్ట్రాని ఎలా కూడగట్టాడో తర్వాత ఆయనే ఒక జ్ఞాపకంగా రాశారు.

తర్వాత తివ్రివ్‌లో పాట, చేతిరాత నేర్పే ఉద్యోగం, ఆ తర్వాత విన్నిత్స్యాలో. రెండు చోట్లా అదే కథ: వెళ్ళిన కొద్ది రోజులకే ఒక క్వయర్. ఈ ఊళ్ళన్నిటిలో ఆయన వినడం కూడా మానలేదు. పాడేవాళ్ళ దగ్గర కూర్చుని వరసలు రాసుకున్నారు. 1901లో ‘పోదిల్యా పాటలు’ అనే పేరుతో మొదటి సంకలనం కట్టారు, 1903లో రెండోది. రెండోదాన్ని ఉక్రెయిన్ సంగీతానికి పెద్దదిక్కైన మికోలా లిసెంకోకి అంకితం ఇచ్చారు. అది అచ్చయి వచ్చాక ఆయనకే నచ్చలేదు. తను చేసింది ఇంకా పచ్చిగా ఉందనుకుని ప్రతులు వెనక్కి కొనేశారని చెబుతారు. పల్లెటూరి పంతులు జీతం మీద బతికే మనిషి, అప్పటికే పెళ్ళయింది, ఇంట్లో ఖర్చులున్నాయి. అయినా ఆ పని చేశారంటే ఎంత పట్టింపు ఉన్న మనిషో చూడండి.

కన్జర్వేటరీలో, అంటే పెద్ద సంగీత కళాశాలలో, చదవలేదా?

లేదు. 1904లో సెంట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి అక్కడి రాజాస్థాన గాయకబృందం దగ్గర పరీక్ష రాసి, చర్చి క్వయర్‌ని నడిపే అర్హత సంపాదించారు. 1909 నుంచి బొలెస్లావ్ యావోర్స్కీ అనే పెద్ద సంగీత సిద్ధాంతవేత్త దగ్గర పాఠాలు తీసుకున్నారు. సెలవు దొరికినప్పుడల్లా మాస్కోకో కీవ్‌కో రైలెక్కి వెళ్ళి, రాసినవి చూపించి, దిద్దించుకుని రావడం. పేరున్న మాస్టారు అయిపోయాక కూడా ఆ శిష్యరికం వదల్లేదు.

రైల్వే స్టేషన్ క్వయర్ అన్నారు, ఆ సంగతేమిటి?

ఆయన కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

1904లో ఆయన పోదిల్యా వదిలి దేశానికి తూర్పు చివర ఉన్న దొన్బాస్ బొగ్గుగనుల ప్రాంతానికి వెళ్ళారు. హ్రిషినె అనే రైల్వే స్టేషన్, దాని చుట్టూ పెరుగుతున్న కార్మికుల ఊరు. అక్కడి రైల్వే బడిలో పాట నేర్పే పని. పోదిల్యా పల్లెలో అందరూ ఒకే పాటలు వింటూ పెరిగినవాళ్ళు. ఇక్కడ అలా కాదు. ఎక్కడెక్కడి నుంచో పని కోసం వచ్చినవాళ్ళు, ఒకరి భాష ఒకరిది కాదు. లియోంతోవిచ్ ఆ రైల్వే పనివాళ్ళతోనే క్వయర్ కట్టారు. ఉక్రెయిన్ పాటలతో పాటు యూదుల పాటలు, ఆర్మేనియా పాటలు, రష్యా, పోలండ్ పాటలు కూడా వాళ్ళ కోసం అమర్చి పాడించారు. పక్కవాడి పాటని మన గొంతుతో పాడాల్సి వస్తే వాడితో మన సంబంధమే మారిపోతుంది. క్వయర్‌లో పాడినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

1905లో, అప్పట్లో ఉక్రెయిన్‌ని ఏలుతున్న రష్యా చక్రవర్తి జారు ప్రభుత్వం మీద విప్లవం లేచింది. కార్మికుల సభల్లో ఈ క్వయర్ పాడింది. దాంతో అధికారుల కన్ను పడింది. 1908 కల్లా ఆయన హ్రిషినె వదిలి మళ్ళీ సొంత ప్రాంతానికి తిరిగొచ్చేశారు.

ఆ హ్రిషినె ఊరి పేరు 2016 నుంచి పొక్రోవ్స్క్. పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? యుద్ధం వార్తల్లో వినే పొక్రోవ్స్క్ అదే.

తుల్చిన్‌లో ఎన్నాళ్ళున్నారు? అక్కడేం చేశారు?

1908లో తుల్చిన్‌కి వచ్చారు. మధ్యలో కీవ్‌లో గడిపిన కొద్ది కాలం తీసేస్తే చివరి దాకా అదే ఆయన ఊరు. పల్లె పూజారుల కూతుళ్ళు చదువుకునే బాలికల పాఠశాలలో సంగీతం మాస్టారు. ఈ ఉద్యోగం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దాని ప్రభావం పెద్దది. ఆ బడిలో చదివిన ఆడపిల్లలు తిరిగి పల్లెలకే వెళ్తారు. వాళ్ళలో చాలామంది టీచర్లవుతారు, పూజారుల ఇళ్ళకి కోడళ్ళవుతారు. అంటే ఊళ్ళో పాటని నడిపించే స్థానంలోకి వెళ్తారు. ఒక తరం అమ్మాయిలకి నాలుగు వరసల్లో పాడటం, స్వరలిపి చదవడం వస్తే అది ఎన్ని ఊళ్ళకి పాకుతుందో లెక్క వేసుకోండి.

బడి బయట, ఊళ్ళో ‘ప్రోస్వితా’ శాఖని కూడా ఆయనే నడిపించారు. ఉక్రెయిన్ భాషలో చదువు, సంస్కృతి వ్యాపించాలని ఊరూరా పనిచేసిన సంఘం అది. దగ్గర్లోని హొలొవొ-రుసావా పల్లెకి 1911లో పూజారిగా వచ్చిన కిరిలో స్తెత్సెంకో స్వయంగా గొప్ప స్వరకర్త. ఇద్దరికీ స్నేహం కుదిరింది. రాసినది అర్థం చేసుకుని ముఖం మీదే చెప్పగల మనిషి పక్క ఊళ్ళో ఉండటం పల్లెల్లో పనిచేసే కళాకారుడికి ఎంత అదృష్టమో!

జానపద గీతాన్ని ఆయన ఏం చేసేవారు? ఊరికే హార్మొనీ కలపడమేనా?

కాదు, ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఆయనకి ముందు చాలామంది చేసిన పద్ధతి ఇది: జానపద వరసని పై గొంతుకి ఇచ్చి, కింద మూడు గొంతుల్నీ జర్మన్ కీర్తనల పద్ధతిలో దిమ్మల్లా పేర్చడం. వినడానికి బాగానే ఉంటుంది, కానీ పల్లె వాసన పోతుంది. లియోంతోవిచ్ పల్లెలో విన్నదాన్నే వేదిక మీదికి తెచ్చారు. ఒకరు ఎత్తుకోవడం, ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం, ఎవరి దారి వాళ్ళు పోయి చివర కలవడం. దానికి యావోర్స్కీ దగ్గర నేర్చుకున్న శాస్త్రాన్ని తోడు చేశారు.

ఇంకో సంగతి, పాటలోని కథని బట్టి ప్రతి చరణానికీ అమరిక మారిపోతుంది. ‘దుదారిక్’ తీసుకోండి. ‘దుదా’ అంటే మన తిత్తి లాంటి వాయిద్యం, తోలుసంచిలోకి గాలి ఊది వాయించేది. ఊళ్ళో తిరుగుతూ అది వాయించే తాత చనిపోయాడు. తాతా, నువ్వు లేవు, నీ దుదా మిగిలింది, దాని పీకలు ఎవరి చేతిలో పడ్డాయో ఏమో అని మనవడు తలుచుకుంటాడు. అంతే కథ. కింది గొంతులు తిత్తి శ్రుతిలా ఆగకుండా పట్టుకుని ఉంటే పైన వరస నడుస్తుంది. వాయిద్యం ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ గొంతులే, కానీ తాత వీధిలో నడిచి వెళ్తున్నట్టే ఉంటుంది.

‘కొజాకా నెసుత్’ ఇంకా బరువైనది. చనిపోయిన కొసాక్ సైనికుణ్ణి మోసుకెళ్తున్నారు, వెనకాల అతని గుర్రాన్ని నడిపిస్తున్నారు, అది తల వాల్చేసింది, ఆ వెనక అతని ప్రియురాలు చేతులు నలుపుకుంటూ ఏడుస్తోంది. కొద్ది నిమిషాల పాటే అది. మా క్వయర్‌లో ఒకసారి రికార్డింగ్ పెట్టి వినిపిస్తే, మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

‘కారల్ ఆఫ్ ది బెల్స్’కి మూలమైన ‘ష్చెద్రిక్’ క్రిస్మస్ పాట కాదా?

కాదు. కొత్త సంవత్సరం పాట. ‘ష్చెద్రియ్’ అంటే ఉదారమైన, చేయి పెద్దదైన అని అర్థం. కొత్త సంవత్సరం ముందు సాయంత్రాన్ని అక్కడ ‘ఉదారమైన సాయంత్రం’ అంటారు. ఆ రోజు అమ్మాయిలు ఇంటింటికీ వెళ్ళి, ఇంటి యజమానికి మంచి జరగాలని పాడతారు, ఇంటివాళ్ళు తినడానికి ఏదైనా పెడతారు. ఆ సందర్భంలో పాడే పాటల్ని ‘ష్చెద్రివ్కా’లు అంటారు.

పాటలో ఏముందంటే, ఒక వాన కోయిల ఇంట్లోకి ఎగిరొచ్చి యజమానిని పిలుస్తుంది. బయటికి వచ్చి దొడ్డి చూసుకో, గొర్రెలు ఈనాయి, నీ పశువు మంచిది, నీకు డబ్బు బాగా వస్తుంది, నల్లని కనుబొమ్మల నీ భార్య అందగత్తె, అంటుంది. గంటలు లేవు, పశువుల పాక లేదు, బాలయేసు లేడు. మంచు కురిసే జనవరిలో వాన కోయిల ఎక్కడిది అని మీకు అనుమానం రావచ్చు. క్రైస్తవం రాకముందు అక్కడ కొత్త సంవత్సరం వసంతంలో, పక్షులు తిరిగొచ్చే రోజుల్లో మొదలయ్యేదని, పాట అప్పటిదని చెబుతారు.

పాత చర్చి క్యాలెండరు ప్రకారం ఆ సాయంత్రం జనవరి 13న వచ్చేది. మనకి సరిగ్గా భోగి రోజులు, హరిదాసు గుమ్మంలోకి వచ్చే సమయం. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, కానీ పాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మమ్మగారి వాకిలే గుర్తొస్తుంది. 2023లో ఉక్రెయిన్ ఆర్థడాక్స్ చర్చి క్యాలెండరు మార్చుకున్నాక ఇప్పుడు చాలామంది డిసెంబరు 31నే జరుపుకుంటున్నారు.

నాలుగు స్వరాలు అదేపనిగా తిప్పడమేగా, అందులో ఏముంది?

ఈ ప్రశ్న మా క్వయర్‌లోనే ఒక అబ్బాయి అడిగాడు. నిజానికి నాలుగు శబ్దాలే గానీ స్వరాలు మూడే. మన పద్ధతిలో చెప్పుకుంటే గా-రిగ-సా. సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, షడ్జమం. మూడు లెక్కల నడక. మొత్తం పాట ఈ చిన్న ముక్క మీదే నిలబడింది. పల్లెలో దొరికిన వరస ఇంతే, దీన్ని పెంచడానికి అందులో ఏమీ లేదు.

లియోంతోవిచ్ దీన్ని పెంచలేదు, మార్చలేదు. మొదట సొప్రానోలు, అంటే ఆడగొంతుల్లో పై వరసవాళ్ళు, ఒంటరిగా, గుసగుసలా పాడతారు. తర్వాత ఆల్టోలు చేరతారు, తర్వాత మగగొంతులు: పైన టెనర్లు, కింద బాస్‌లు. పైన గా-రిగ-సా తిరుగుతూనే ఉంటుంది, కింద నేల మాత్రం కదులుతూ ఉంటుంది. అదే మూడు స్వరాలు కింద బాస్ మారగానే ఒకసారి దిగులుగా, ఒకసారి వేడుకగా వినిపిస్తాయి. మెల్లగా పెరిగి పెరిగి గట్టిగా మోగి, మళ్ళీ తగ్గుతూ మొదటి గుసగుసకే చేరుతుంది. వాన కోయిల వచ్చింది, చెప్పాల్సింది చెప్పింది, వెళ్ళిపోయింది. ఈ రెండు నిమిషాల్లోపు పాటని ఆయన పదేళ్ళకి పైగా తిరగరాస్తూనే ఉన్నారు.

పల్లెపాట న్యూయార్క్ దాకా ఎలా వెళ్ళింది?

ఇక్కడ ఇంకో గొప్ప క్వయర్ మాస్టర్ వస్తారు, ఒలెక్సాందర్ కోషిత్స్. 1916 డిసెంబరులో కీవ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల క్వయర్‌తో ‘ష్చెద్రిక్’ని మొదటిసారి పాడించింది ఆయనే. తుల్చిన్ మాస్టారి పేరు కీవ్‌లో తెలిసింది అప్పుడే.

తర్వాత రష్యా సామ్రాజ్యం కూలింది, ఉక్రెయిన్ స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. ఆ దేశం ఉందని యూరప్ గుర్తించాలి. 1919 జనవరిలో నాయకుడు సిమోన్ పెత్లూరా ఒక క్వయర్‌ని ఏర్పాటు చేసి విదేశాలకి పంపాలని నిర్ణయించాడు. దేశం చుట్టూ యుద్ధం నడుస్తుంటే ఆ పని! కోషిత్స్, స్తెత్సెంకో కలిసి ఉక్రెయిన్ రిపబ్లిక్ గాయకబృందాన్ని తయారు చేశారు. మే నెలలో ప్రాగ్‌లో మొదటి కచేరీలు, ఆపైన వియన్నా, స్విట్జర్లండ్, పారిస్. వెళ్ళిన చోటల్లా జనం మళ్ళీ పాడమని అడిగింది ‘ష్చెద్రిక్’నే. 1922 అక్టోబరు 5న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడారు. అదే నెలలో బ్రన్స్‌విక్ కంపెనీ ఆ పాటని రికార్డు చేసింది.

అప్పటికి వాళ్ళని పంపిన దేశమే లేదు, బోల్షెవిక్‌ల, అంటే రష్యా కమ్యూనిస్టుల, చేతుల్లోకి వెళ్ళిపోయింది. కోషిత్స్ మళ్ళీ ఇంటికి వెళ్ళలేకపోయారు. 1944లో కెనడాలోని విన్నిపెగ్‌లో చనిపోయారు.

మరి ఇంగ్లిష్ మాటలు ఎవరివి?

అమెరికాలో క్వయర్లు నడిపిన పీటర్ విల్హౌస్కీవి. ఆ వరస విని ఆయనకి గంటలు మోగినట్టు అనిపించింది. ఉక్రెయిన్ మాటల్ని అనువదించకుండా గంటల మీద కొత్త మాటలు రాసి 1936లో అచ్చు వేయించారు. ఆ మాటల వల్లే ఇది క్రిస్మస్ పాట అయిపోయింది. నాకు ఆయన మీద కోపమేమీ లేదు, ఆయన వల్లే పాట మా చర్చి దాకా వచ్చింది. కాకపోతే వాన కోయిల సంగతి మా పిల్లలకి చెప్పకుండా నేను సాధన మొదలుపెట్టను.

జానపద గీతాలు పాడించడంలో అంత ప్రమాదమేముంది?

1876లో జారు రెండో అలెగ్జాండర్ ఎమ్స్ అనే ఊళ్ళో సంతకం చేసిన ఆజ్ఞ ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు, నాటకాలు, చివరికి పాటల కింద మాటలు అచ్చు వేయడాన్ని కూడా నిషేధించింది. తర్వాత కొంత సడలించారు గానీ 1905 విప్లవం దాకా దాని పట్టు పోలేదు. లియోంతోవిచ్ పుట్టింది ఆ ఆజ్ఞ వచ్చిన మరుసటి ఏడే. పల్లెబడిలో పిల్లల చేత సొంత భాషలో పాట పాడించడం కూడా తమ జాతి గుర్తింపు కోసం చేసే పనే అయిపోయిన కాలం అది.

1917 తర్వాత ఏం చేశారు?

కీవ్ వెళ్ళారు. లిసెంకో పేరు మీదున్న సంగీత నాటక సంస్థలో పాఠాలు చెప్పారు, నగరంలో క్వయర్లకి తర్ఫీదిచ్చారు. ఆయన స్వరపరిచిన ఆరాధన గీతాలు, సెయింట్ జాన్ క్రిసోస్టమ్ లిటర్జీ, 1919 మే 22న కీవ్‌లో మొదటిసారి పాడారు. చర్చిలో కూడా పాత స్లావిక్ భాష బదులు ఉక్రెయిన్ భాష వినపడాలని ఉద్యమం నడుస్తున్న రోజులవి. అదే ఏడు ఆగస్టు చివర్లో జారు పక్షం జనరల్ దెనీకిన్ సైన్యం కీవ్‌ని ఆక్రమించి ఉక్రెయిన్ మేధావుల వెంట పడింది. లియోంతోవిచ్ కాలినడకన తుల్చిన్ చేరుకున్నారు. మళ్ళీ అక్కడే పని మొదలు: ఊళ్ళో మొదటి సంగీత పాఠశాల పెట్టారు. ఒక ఒపేరా కూడా రాయడం మొదలుపెట్టారు, జలకన్యల గురించిన జానపద నమ్మకాల మీద. అది పూర్తి కాలేదు.

ఆయన్ని ఎవరు చంపారు?

1921 జనవరి 22 రాత్రి మార్కివ్కా పల్లెలో తండ్రి ఇంట్లో ఉన్నారు. ఒక మనిషి వచ్చి రాత్రికి తలదాచుకోనిమ్మని అడిగాడు. పూజారి ఇల్లు, కాదనలేదు. తెల్లవారుజామున ఆ అతిథే లియోంతోవిచ్‌ని కాల్చి, ఇల్లు దోచుకుని పోయాడు. వాడు అఫనాసీ హ్రిష్చెంకో, బోల్షెవిక్ రహస్య పోలీసు సంస్థ ‘చెకా’ ఏజెంటు. సోవియట్ కాలమంతా ఎవరో దొంగ చంపాడన్నట్టే చెప్పారు. హంతకుడు చెకా మనిషేనని రాసిన అప్పటి పోలీసు నివేదిక 1990ల్లో గానీ బయటికి రాలేదు. మార్కివ్కాలోనే ఆయన సమాధి.

ఆయన పోయాక ఆ క్వయర్ల సంగతి?

చనిపోయిన తొమ్మిదో రోజున, ఫిబ్రవరి 1న, కీవ్‌లో స్తెత్సెంకో, కవి పావ్లో తిచీనా, రంగస్థల దర్శకుడు లెస్ కుర్బాస్ లాంటివాళ్ళు కలిసి ఆయన పేరున కమిటీ పెట్టారు. అదే లియోంతోవిచ్ సంగీత సంఘంగా దేశమంతా శాఖలు వేసింది. ఊళ్ళలో క్వయర్లకి అండగా నిలిచింది, ‘ముజికా’ అనే పత్రిక నడిపింది. బతికున్నప్పుడు ఒక్కడే ఊరు తర్వాత ఊరు తిరిగి చేసిన పనిని ఒక సంఘం భుజాన వేసుకుంది. మరుసటి ఏడే స్తెత్సెంకో టైఫస్‌తో పోయారు. 1928లో సోవియట్ ప్రభుత్వం ఆ సంఘాన్ని ఆ పేరుతో బతకనివ్వలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళలో ఆయన గుర్తులున్నాయా?

తుల్చిన్‌లో ఆయన ఉన్న ఇల్లు మ్యూజియం. విన్నిత్స్యాలో ఫిల్‌హార్మనిక్‌కీ, కళల కళాశాలకీ ఆయన పేరే. కీవ్‌లో ‘ష్చెద్రిక్’, ల్వివ్‌లో ‘దుదారిక్’ అనే పిల్లల క్వయర్లు రెండూ 1971లో పుట్టాయి, రెండూ ఆయన పాటల పేర్లే పెట్టుకున్నాయి. యుద్ధం మధ్యలో, 2022 డిసెంబరు 4న, ఆ కీవ్ పిల్లలు కార్నెగీ హాల్‌కి వెళ్ళి వందేళ్ళ నాటి కచేరీని గుర్తుచేస్తూ పాడారు.

పొక్రోవ్స్క్‌లో కూడా ఆయన విగ్రహం ఉండేది. 2024లో రష్యా సైన్యం దగ్గరికి వస్తుంటే దాన్ని తీసి పడమటి వైపు తరలించారు. ఊళ్ళో జనం కూడా దాదాపు అందరూ వెళ్ళిపోవాల్సి వచ్చింది. రైల్వే పనివాళ్ళు ఐదు భాషల పాటలు పాడిన ఊరు అది.

దేనితో మొదలుపెట్టి వినమంటారు?

‘ష్చెద్రిక్’ని ఉక్రెయిన్ మాటలతో వినండి, ఆర్కెస్ట్రా హంగులు లేకుండా గొంతులతో మాత్రమే పాడింది. తర్వాత ‘దుదారిక్’, ‘పియుత్ పివ్ని’, ‘కొజాకా నెసుత్’. జానపదం కాకుండా ఆయన సొంతంగా, కవుల మాటలకి కట్టినవి కావాలంటే ‘ల్యొదొలొమ్’, ‘లిత్నీ తోనీ’ ఉన్నాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి పై గొంతుని, రెండోసారి ఆల్టోని, మూడోసారి బాస్‌ని మాత్రమే వెంబడించి వినండి.

మా క్వయర్ పాడొచ్చా? తెలుగువాళ్ళ నోటికి ఆ మాటలు తిరుగుతాయా?

నిశ్చింతగా పాడొచ్చు. లియోంతోవిచ్ పోయి వందేళ్ళు దాటింది కాబట్టి ఆయన అమరిక అందరిదీ. విల్హౌస్కీ ఇంగ్లిష్ మాటలకి మాత్రం కాపీరైట్ ఇంకా ఉంది, అవి పాడాలంటే అచ్చు ప్రతులు కొనుక్కోండి. ఉక్రెయిన్ మాటలు మనకి కష్టం కాదు. అచ్చులు మనలాగే పూర్తిగా పలుకుతారు, ‘ష్చ్’ ఒక్కటే నాలుగు రోజులు సాధన చేయించాలి. మేం మొదట దాన్ని ‘స్చె’ అని పాడి చాలా ఇబ్బంది పడ్డాం.

సొప్రానోలకి ఊపిరి తీసుకునే చోటు దొరకదని టెన్షన్ ఉంటుంది. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకుండా పక్కవాళ్ళతో వంతులు వేసుకోమనండి. మొదటి నాలుగు పంక్తులు ఎంత లోగొంతుతో పాడగలిగితే అంత లోగొంతుతో పాడించండి. వేగం పెంచకండి, పెంచితే బాస్‌ల వరస వినపడదు. చివరి స్వరం దగ్గర చెయ్యి వెంటనే దించకండి.